ఆ ఫోనుకి నేను అవునని చెప్పను

పోయిన ఆదివారం పొద్దున్నే అక్క ఫోన్ చేసింది. మామూలుగా మా ఫోన్లకి ఒక వరస ఉంటుంది. చలెలా ఉంది, పిల్లలు తెలుగు మాట్లాడుతున్నారా, బావగారి బీపీ ఎంత, పక్కింటి వాళ్ల అమ్మాయికి సంబంధం కుదిరిందా. ఈసారి అవేమీ లేవు. "ఒరేయ్, వాడు నీకు ఫోన్ చేస్తాడు. కాదనకు" అని పెట్టేసింది.

వాడంటే మా మేనల్లుడు. టెక్సాస్‌లో ఎమ్మెస్ పూర్తి చేశాడు. చదువైపోయాక ఓపీటీ మీద పని చేసుకోవచ్చు కానీ, ఆ ఏడాదిలో ఉద్యోగం లేకుండా మొత్తం తొంభై రోజులకి మించి ఉండకూడదని రూలు. ఆ ఆదివారానికి వాడి లెక్కలో అరవై ఒక్క రోజులు అయిపోయాయి. నాలుగొందల చిల్లర అప్లికేషన్లు పెట్టాడట. మూడు ఇంటర్వ్యూలు వచ్చాయి, మూడూ పోయాయి. వెనకాల తెనాలిలో ఇల్లు తాకట్టులో ఉంది.

పది నిమిషాల తర్వాత ఫోన్ వచ్చింది. "మావయ్యా, ఒక కన్సల్టెన్సీ వాళ్లు ఓకే అన్నారు. నీ హెల్ప్ కావాలి" అన్నాడు. రెజ్యూమె పంపించమన్నాను. పంపించాడు.

ఆరు పేజీలు! ఏడేళ్ల అనుభవం. ఏడేళ్ల క్రితం మావాడు ఇంటర్ రెండో సంవత్సరంలో ఉన్నాడు. వాడికి సైంటిఫిక్ కాలిక్యులేటర్ కొని పంపించింది నేనే, కాబట్టి బాగా గుర్తుంది. ఈ రెజ్యూమె ప్రకారం అదే రోజుల్లో వాడు ఒక పెద్ద బ్యాంకులో పేమెంట్స్ సిస్టమ్ డిజైన్ చేస్తున్నాడు. ఆ తర్వాతి నాలుగేళ్లూ అమెరికాలో ఒక ప్రాజెక్టులో ఉన్నాడు. ఆ ప్రాజెక్టుకి మేనేజర్ ఎవరో తెలుసా? ఈ రాస్తున్నవాడే. నా పేరు, నా ఫోన్ నంబరు, నా లింక్డిన్.

"వెండర్ దగ్గర్నుంచి ఎవరో ఫోన్ చేస్తారు మావయ్యా. అవును, నా దగ్గరే పనిచేశాడు, మంచి కుర్రాడు అని చెప్తే చాలు. రెండు నిమిషాల పని."

ఇంటర్వ్యూ సంగతేంట్రా అన్నాను. దానికి వేరే అతను ఉన్నాడట. వీడు కెమెరా ముందు కూర్చుని పెదాలు ఆడిస్తే చాలు, గొంతు అతనిది. ఉద్యోగం వచ్చాక పనో? దానికి హైదరాబాద్‌లో ఇంకొకతను. రాత్రిపూట స్క్రీన్ షేర్ చేసుకుని నెలకింతని తీసుకుని పని చేసిపెడతాడు. దాన్ని "జాబ్ సపోర్ట్" అంటారు. అంటే రెజ్యూమె ఒకరిది, గొంతు ఇంకొకరిది, పని మూడోవాడిది, మేనేజరు మావయ్య. మావాడిది ఏమిటయ్యా అంటే మొహం, పాస్‌పోర్టు. పట్టుబడేది ఆ రెండే.

నేను కుదరదన్నాను. వాడేమీ అనలేదు, "సర్లే మావయ్యా" అన్నాడు. ఆ రెండు మాటలు ఇంకా చెవిలోనే ఉన్నాయి. అరగంటలో అక్క మళ్లీ చేసింది. ఏడ్చింది, తిట్టింది. చివరికి అసలు మాట అంది: "నువ్వు చెయ్యలేదా?"

చేశాను. చేసిన పాపం చెబితే పోతుందంటారు. పోతుందని నాకు నమ్మకం లేదు గానీ, చెప్పకుండా ఈ టపా ముందుకి నడవదు.

2000 ఆగస్టులో న్యూజెర్సీలో దిగాను. రెండు బెడ్రూముల గెస్టుహౌసులో తొమ్మిదిమందిమి. మూడో రోజు "మార్కెటింగ్" చూసే ఆయనొచ్చి నా రెజ్యూమె చేతిలో పెట్టాడు. హైదరాబాద్‌లో ఏడాదిన్నర విజువల్ బేసిక్ చేసినవాణ్ణి, ఐదేళ్ల జావా నిపుణుణ్ణయిపోయాను. ఎప్పుడూ పేరు కూడా వినని ఒక బ్యాంకులో పనిచేసేశాను. ఫోన్ ఇంటర్వ్యూ వచ్చినప్పుడు పక్కగదిలో ఉన్న సీనియర్ ఒకాయన నా పేరుతో మాట్లాడాడు. నేను వంటింట్లో చారు పెడుతూ, నా గొంతు ఎలా ఉంటుందో విన్నాను.

మా తొమ్మిదిమందిలో ఒక్కడు మాత్రం ఒప్పుకోలేదు. "చెయ్యనిది చేశానని ఎలా చెప్తాం బాస్" అన్నాడు. మేమంతా నవ్వాం. అతన్ని నాలుగు నెలలు జీతం లేకుండా బెంచి మీద కూర్చోబెట్టారు. హెచ్-1బి మీద తెచ్చినవాడికి ప్రాజెక్టు లేకపోయినా జీతం ఇచ్చి తీరాలని 1998లోనే ఇక్కడ చట్టం వచ్చింది. ఆ సంగతి మాకెవరికీ తెలీదు, చెప్పాల్సినవాళ్లు చెప్పలేదు. డిసెంబర్లో అతను వెనక్కి వెళ్లిపోయాడు. ఎయిర్‌పోర్టుకి దింపడానికి కూడా నేను వెళ్లలేదు, అప్పటికి నేను ప్రాజెక్టులో ఉన్నాను. తన పేరుతో తను మాట్లాడినవాడు ఇంటికి, వేరేవాడి గొంతుతో మాట్లాడినవాడు క్లయింటు దగ్గరికి.

అక్క వాదన అక్కడే ఉంది. "నువ్వు అలా చేశావు కాబట్టే ఇవాళ ఇల్లు కొనుక్కుని నీతులు చెబుతున్నావు. నిచ్చెనెక్కేసి నిచ్చెన లాగేస్తావా?" నిజమే, గట్టి ప్రశ్నే. గురివింద గింజ సామెత నాకూ తెలుసు. కానీ నేనన్న మాట తప్పయితే తప్పని చూపించాలి గానీ, అన్నవాడు దొంగ కాబట్టి మాట కూడా చెల్లదంటే ఎలా? ఆ నిచ్చెన ఎలాంటిదో ఎక్కినవాడికే కదా తెలిసేది.

ఎలాంటిదో చెప్తాను. ఆ ప్రాజెక్టులో మొదటి ఆరునెలలూ నేను ఎవరితోనూ కలిసి భోజనం చెయ్యలేదు. ఎందుకంటే భోజనాల దగ్గరే జనం "ఇంతకు ముందు ఎక్కడ చేశావు?" అని అడుగుతారు. ఒకసారి ఒకావిడ "ఆ బ్యాంకులో మా మరిది పనిచేసేవాడే, ఏ బిల్డింగు నీది?" అంది. ఆవిడ మంచి మనిషి, నాకు జావా అక్షరాలు నేర్పింది ఆవిడే. బాత్రూములోకి వెళ్లి ఇరవై నిమిషాలు నిలబడ్డాను. తర్వాత గ్రీన్‌కార్డు అప్లికేషన్ దగ్గర లాయరు పాత కంపెనీల నుంచి అనుభవం లెటర్లు తెమ్మన్నాడు. నా దగ్గర రెండు జీవితాలున్నాయి, రెండిటికీ పొంతన లేదు. ప్రభుత్వం దగ్గర అబద్ధం రాసి దొరికితే, దాన్ని తప్పుడు సమాచారం కింద లెక్కేసి ఈ దేశంలోకి జీవితాంతం రానివ్వకుండా చెయ్యగలరు. అందుకని అక్కడ నిజమైన ఏడాదిన్నరే రాయించాను. ఏళ్ల తరబడి ఆ రెండు రెజ్యూమెలూ ఎక్కడ ఒకదానికొకటి ఎదురుపడతాయోనని భయపడుతూ బతికాను. ఇది మా ఆవిడకి కూడా పెళ్లయిన నాలుగేళ్లకి గానీ చెప్పలేదు.

ఇదంతా మన ఒక్కరి బాధ అయితే సరే, భరిద్దాం అనుకోవచ్చు. కాదు.

మనవాళ్లకి జ్ఞాపకశక్తి తక్కువ కాబట్టి ఒకసారి గుర్తు చేస్తాను. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ప్లెజంటన్‌లో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మీద దాడి జరిగింది. పదిహేను వందలమంది దాకా విద్యార్థులు, వాళ్లలో ఎక్కువమంది ఆంధ్రదేశం నుంచి వచ్చిన పిల్లలే. కొంతమందికి కాళ్లకి రేడియో పట్టీలు తగిలించారు. ఆ పట్టీలు చూసి ఇక్కడా అక్కడా మనమంతా అవమానంతో ఊగిపోయాం. ఆ యూనివర్సిటీ నడిపినావిడకి 2014లో పదహారేళ్ల పైచిలుకు శిక్ష పడింది. సరే, బుద్ధొచ్చింది అనుకున్నాం.

ఎనిమిదేళ్లు తిరిగేసరికి 2019 జనవరిలో మిచిగన్‌లో యూనివర్సిటీ ఆఫ్ ఫార్మింగ్‌టన్ బయటపడింది. అందులో పాఠాలు లేవు, పంతుళ్లు లేరు. ఎందుకంటే అది ఇమ్మిగ్రేషన్ పోలీసులే వల వేసి పెట్టిన యూనివర్సిటీ. ఆరువందలమంది దాకా చేరారు. మొదటి విడతలో అరెస్టయిన 130 మందిలో 129 మంది భారతీయులు. ప్రభుత్వం వల వెయ్యడం న్యాయమా అని చాలా చర్చ జరిగింది. నాకూ అది అన్యాయంగానే అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది. కానీ ఆ వలలోకి పిల్లల్ని తలకింతని కమీషన్ తీసుకుని తోలిన ఎనిమిదిమంది రిక్రూటర్ల మాటేమిటి? పేర్లు చదివితే మనవాళ్లేనని ఎవరికైనా తెలుస్తుంది. ఎనిమిదిమందీ నేరం ఒప్పుకున్నారు. వాళ్లని ఆ పిల్లలు నమ్మింది ఎందుకు? "అన్నా" అని పిలిస్తే పలికారు కాబట్టి. మన భాష మాట్లాడారు కాబట్టి.

లాటరీ సంగతి చూడండి. 2020లో హెచ్-1బికి పది డాలర్లు కట్టి ఆన్‌లైన్లో పేరు నమోదు చేసే పద్ధతి పెట్టారు. ఒకే మనిషి పేరు నాలుగైదు కంపెనీల చేత వేయిస్తే నాలుగైదు చీట్లు. 2023 మార్చిలో అర్హమైన నమోదులు 7,58,994 అయితే, వాటిలో 4,08,891 ఒకటి కంటే ఎక్కువ చీట్లు ఉన్నవాళ్లవే! ప్రభుత్వం మరుసటేడు చీటీ కంపెనీకి కాదు, మనిషికి ఒకటే అంది. అంతే, మొత్తం 4,70,342కి పడిపోయింది, రెండేసి చీట్లు ఉన్నవాళ్లవి 47,314కి దిగాయి. అందరూ మనవాళ్లే అనను, అందరూ దొంగలే అని అసలే అనను. నిజంగా రెండు ఉద్యోగాలొచ్చినవాళ్లూ ఉంటారు. కానీ "నాకు ఆరు పడ్డాయి బ్రో" అని పుట్టినరోజు పార్టీల్లో గొప్పగా చెప్పుకోవడం మనమెవరం వినలేదు? ఒక్కటే చీటీ వేసి, మూడుసార్లు పోగొట్టుకుని, సూట్‌కేసు సర్దుకున్న పిల్లలు కూడా మనవాళ్లే కదా. వాళ్ల సీటు ఎవరు తిన్నట్టు?

2025 సెప్టెంబర్లో, దేశం బయట ఉన్నవాళ్ల కోసం వేసే కొత్త హెచ్-1బికి లక్ష డాలర్లు కట్టాలని ట్రంప్ ప్రకటన ఇచ్చాడు. ఆ రోజు మన వాట్సాప్ గ్రూపులన్నీ శోకసముద్రాలు. జాత్యహంకారం, అన్యాయం, కుట్ర. ఆ మాటల్లో నిజం లేకపోలేదు. తమాషా ఏమిటంటే, ఆ శోకసముద్రంలోనే రెండు మెసేజిల కింద "డాట్‌నెట్ ప్రాక్సీ కావలెను, అర్జెంట్" అని ఒకటి, దాని కింద "జాబ్ సపోర్ట్, నమ్మకమైన సేవ" అని ఇంకొకటి. నమ్మకమైన సేవ! ఒక్కరు కూడా అభ్యంతరం చెప్పలేదు. నేనూ చెప్పలేదు. మన మీద వేలెత్తి చూపించడానికి ఎవడికైనా సాక్ష్యం కావాలంటే వెతుక్కోనక్కర్లేదు, మనమే రోజూ టైపు చేసి పెడుతున్నాం.

దీని ఫలితం ముందుగా ఎవరి మీద పడుతుందో తెలుసా? నిజం రెజ్యూమెతో తిరిగే మావాడి లాంటి వాళ్ల మీదే. ఏడేళ్ల అనుభవం ఉన్నవాళ్లు కట్టలు కట్టలుగా దొరుకుతుంటే ఆరునెలల ఇంటర్న్‌షిప్ ఉన్నవాడి మొహం ఎవడు చూస్తాడు? నేనే మా ఆఫీసులో ఇంటర్వ్యూలు చేస్తాను. తెర మీద తెలుగు పేరు కనబడగానే పక్కనున్న అతను "కెమెరా దగ్గరగా పెట్టుకోమను, పెదాలు చూద్దాం" అంటాడు. అతను చెడ్డవాడు కాదు, రెండుసార్లు మోసపోయాడు. నేను తల దించుకుని నోట్సు రాసుకుంటాను. గూగుల్ లాంటి కంపెనీలే 2025లో కనీసం ఒక రౌండయినా ఎదురుగా కూర్చోబెట్టి అడుగుతామనే దాకా వచ్చాయి.

ఇప్పుడు బావగారి దగ్గరికి వద్దాం. అక్క ఫోన్ పెట్టేశాక ఆయన లైన్లోకొచ్చారు. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. "చూడు బావా, మన పెద్దవాళ్లు కూడా అన్నారు. కొన్ని సందర్భాల్లో బొంకినా దోషం లేదు. పెళ్లిళ్లలో, ప్రాణం మీదికి వచ్చినప్పుడు, సొమ్ము పోతున్నప్పుడు, మానం పోతున్నప్పుడు. మాకు ఇవన్నీ ఒకేసారి వచ్చాయి" అన్నారు.

ఆయనకి భాగవతం బాగా వచ్చు. కాబట్టి భాగవతంలోనే జవాబు చెప్పాల్సొచ్చింది. బావగారూ, ఆ మాట అన్నదెవరు? శుక్రాచార్యుడు. ఎవరితో అన్నాడు? వామనుడికి మూడడుగులు ఇస్తానని మాటిచ్చిన బలిచక్రవర్తితో. ఆ పద్యం తెలుగువాళ్లందరికీ నోటికొచ్చు. మరి దానికి బలి ఏమన్నాడో ఎందుకు గుర్తుండదు? మాట తప్పనన్నాడు. రాజ్యం పోతుందని తెలిసీ ధార పోశాడు. సలహా ఇచ్చిన శుక్రాచార్యుడు ఊరుకోక నీళ్లు పడకుండా పాత్ర గొట్టంలో దూరితే ఏమైంది? దర్భతో పొడిస్తే కన్ను పోయింది. నాకు తెలిసి అబద్ధం చెప్పమని సలహా ఇచ్చిన మొదటి కన్సల్టెంట్ ఆయనే. పోతన ఆ పద్యం రాసింది ఆ సలహా పాటించమని కాదు కదా!

బావగారు నవ్వలేదు. కాసేపు ఆగి, "బలికి తాకట్టులో ఇల్లు లేదులే" అన్నారు. దానికి నా దగ్గర పద్యం లేదు.

నిజంగా లేదు. అందుకే ఇది మావాడికి నీతిబోధ చేసి తప్పుకునే వ్యవహారం కాదు. ఆ పిల్లల్ని నేను తిట్టడం లేదు. నలభై లక్షల అప్పు నెత్తిన పెట్టుకుని, తొంభై రోజుల గడియారం మెడకి కట్టుకుని తిరిగేవాడికి ఎవడేం చెప్పినా వేదంలాగే వినబడుతుంది. ఆ కన్సల్టెన్సీ నడిపేవాళ్లని తిట్టినా లాభం లేదు, అది వాళ్ల వ్యాపారం. నేను నిలదీస్తున్నది మనల్ని. ఇరవై ఏళ్ల క్రితం వచ్చి, ఇళ్లు కొనుక్కుని, పౌరసత్వాలు తెచ్చుకుని, పిల్లల్ని కూచిపూడి క్లాసులకి తిప్పుతున్న మామయ్యల్ని, బాబాయిల్ని, అన్నయ్యల్ని.

ఎందుకంటే ఈ వ్యాపారం మొత్తం ఆ రెండు నిమిషాల ఫోను మీద నిలబడి ఉంది. రెజ్యూమె ఎవడైనా అచ్చు వెయ్యగలడు. దాని అవతల ఫోనెత్తి "అవును, నా దగ్గరే పనిచేశాడు" అనే మర్యాదస్తుడు కావాలి. మంచి ఇంగ్లీషు, మంచి హోదా, మంచి లింక్డిన్. దాన్ని మనం సాయం అనుకుంటున్నాం. తిలాపాపం తలా పిడికెడు అంటే ఇదే. ఆ ఫోను ఎవరూ ఎత్తకపోతే ఆరు పేజీల రెజ్యూమె ఆరు చిత్తుకాగితాలు.

"అయితే వాడి గతేమిటి" అంటారు. చెప్తాను. అవునని చెప్పడం తేలిక కాబట్టే చెబుతున్నాం. కాదని చెప్పడానికే ఖర్చవుతుంది. ఆ ఖర్చు పెట్టుకోవాలి. నేను వాడికి మూడు మాటలిచ్చాను. ఒకటి, ఓపీటీ ఉన్నన్నాళ్లూ ఇంటద్దె, తిండి నాది. రెండు, రోజూ రాత్రి తొమ్మిది నుంచి పదిన్నర దాకా నాతో కూర్చుని ఇంటర్వ్యూకి తయారవ్వాలి, గొంతు వాడిది, తప్పులు వాడివి. మూడు, నాకు తెలిసిన ప్రతి మేనేజర్‌కీ నేనే ఫోన్ చేస్తాను. ఫోన్ చేసి నిజం చెబుతాను: ఇతను నా మేనల్లుడు, అనుభవం లేదు, బుర్ర ఉంది, ఒక్కసారి మాట్లాడి చూడండి అని. ఈ వారంలో పదకొండుమందికి చేశాను. ఇరవై ఐదేళ్లలో నాకోసం కూడా ఇంతమందిని అడగలేదు. సిగ్గేసింది. ఇద్దరు మాట్లాడతామన్నారు.

రేపు తొంభయ్యో రోజు దాటితే? వెనక్కి వెళ్తాడు. అప్పులో నా వాటా నేను తీరుస్తానని అక్కకి చెప్పాను. వినలేదు, ఫోన్ కట్ చేసింది. వెళ్లినవాడు మళ్లీ రాగలడు. అబద్ధం రాసి దొరికినవాడికి ఆ దారి కూడా ఉండదు.

నిన్న రాత్రి ప్రాక్టీసులో ఒక ప్రశ్న అడిగాను. వాడు కాసేపు ఆలోచించి, "నాకు తెలీదు మావయ్యా, కానీ ఇలా కనుక్కుంటాను" అని తనకి తోచిన పద్ధతి చెప్పాడు. సగం తప్పే. కానీ నా ఎదుట ఇంటర్వ్యూకి కూర్చునే ఏడేళ్ల అనుభవజ్ఞుల నోట "తెలీదు" అన్న మాట విని ఎంత కాలమైందో! నేనయితే ఆ మాట అనగలిగింది ఈ దేశమొచ్చిన మూడో ఏడు.

ఇవాళ్టికి అరవై ఎనిమిదో రోజు. ఉద్యోగం రాలేదు. అక్క మాట్లాడటం లేదు. ఆ కన్సల్టెన్సీ వాళ్ల రెజ్యూమె ఇంకా వాడి దగ్గరే ఉంది, నేను చెరిపెయ్యమనలేదు, అది వాడే తేల్చుకోవాలి. నా నంబరు మాత్రం అందులోంచి తీయించాను.

మీ నంబరు ఎవరి రెజ్యూమెలో ఉందో ఒకసారి కనుక్కోండి.